జీపుల కమానులు – ఎత్తు పెంచుట



వానకాలము వచ్చినదనిన మా బాన్సువాడ చుట్టుపట్ల పల్లెలలో ఒక మాట తఱచుగా వినవచ్చును. ఇంటిలోని పడుచువాడు పాత జీపునకో, సరకులు మోయు చిన్న ట్రక్కునకో "ఎత్తు పెంచవలయును, కొంచెము పైకము కావలె" నని తండ్రిని అడుగును. ఆ యెత్తు ఎందులకో, దాని నెట్లు పెంచుదురో, దానివలన మేలెంతయో కీడెంతయో పెద్దవారికి తెలియదు. అందుచేత కొందఱు ఇది వట్టి డాబని కసరుకొందురు. కొందఱు పోరు పడలేక ఇచ్చివేయుదురు. ఎవరో అడుగగా ఇచ్చినవాడను గాను నేను. నా జీపునకు నేనే ఎత్తు పెంచితిని. ఒకసారి తప్పుగాను, మఱియొకసారి చాలవఱకు ఒప్పుగాను. ఆ సంగతియే నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా మన నేలను గూర్చి ఒక మాట. నిజాముసాగరు కట్ట 1923వ సంవత్సరమున ఆరంభింపబడి 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు బహదూరుగారు ఆ పనికి ప్రధాన ఇంజనీరు. మంజీర నీరు కాలువలలో పాఱనారంభించిన పిమ్మట మా ప్రాంతమున వరియు చెఱకును పెరిగినవి. వానితోడనే కాలువగట్ల బాటలును పెరిగినవి. పొలమునకు పోవలయునన్న గట్టు మీదుగానే పోవలయును. గట్టు దిగిన వెంటనే బురద. ఇక పడమటగా బిచ్కుంద, జుక్కలు, మద్నూరు దిక్కునకు పోవుకొలది నల్లరేగడి. ఎండలో నెఱ్ఱెలు విచ్చు ఆ నేల, వాన పడిన మఱునాడు చక్రమునకు అంటుకొని చక్రము కంటె లావగును. ట్రాక్టరుల బాటలో రెండు లోతైన చాళ్ళును, వాని నడుమ గాడిదవీపువలె ఒక మిట్టయు ఏర్పడును. మన జీపు చక్రములు చాళ్ళలో దిగును. కడుపు మిట్టకు తగిలి నిలిచిపోవును. నాలుగు చక్రములు తిరుగుచునే యుండును, బండి కదలదు. పడుచువారు ఎత్తు కావలెననుటకు అసలు కారణమిది. కనుక వారిని వట్టి డాబుగాండ్రని త్రోసివేయుట న్యాయము కాదు.

ఇప్పుడు మన ఎడ్లబండిని తలచుకొనుడు. పాత కట్టెబండి చక్రము నాలుగైదు అడుగుల యెత్తుండెడిది. చక్రము ఎంత యెత్తో, ఇరుసు అందులో సగము. అనగా ఇరుసుక్రింద ఇంచుమించు రెండడుగుల ఖాళీ. అందుచేతనే రేగడి చాళ్ళలో కట్టెబండి తగులుకొనక పోయెడిది. కమానులు లేవు, రబ్బరు లేదు; నడుము విఱిగినను బండి మాత్రము ఆగెడిది కాదు.

జీపు సంగతి వేఱు. అది రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము కొఱకు కల్పింపబడిన బండి. 1947వ సంవత్సరమున మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపుల భాగములను తెప్పించి కూర్చుట మొదలిడిరి. నేడు మన పల్లెలలో తిరుగు పాతజీపులలో పెక్కు ఆ సంతతివే. దాని టైరు ఇంచుమించు 28 అంగుళముల యెత్తు. కనుక ఇరుసు నడిమి నేలకు 14 అంగుళములు. ఐనను ఇరుసు మధ్య ఇనుపగుండువలె ఒక పెట్టె కలదు. దానిని డిఫరెన్షియలు అందురు. ఇంజను బలమును రెండు చక్రములకును పంచిపెట్టు పండ్లచక్రములు అందులో నున్నవి. ఆ గుండు క్రిందికి దిగియుండుటచేత నేలకును దానికిని నడుమ మిగులునది సుమారు తొమ్మిది అంగుళములు మాత్రమే.

ఇచ్చటనే పడుచువారు తఱచుగా పొరబడుదురు, నేనును పొరబడితిని. కమానులను పెంచినచో బండి యంతయు పైకి లేచునని తలచితిమి. అట్లు కాదు. ఇరుసు చక్రములలో నున్నది. కమాను ఇరుసునకును పైనున్న చట్రమునకును, అనగా ఛాసికిని, నడుమ నున్నది. కమానును ఎంత పెంచినను ఛాసియు పై తొట్టియు లేచునేగాని డిఫరెన్షియలు వెండ్రుకవాసియైనను లేవదు. దానిని లేపునది టైరొక్కటే. అదియు సగమే: మూడంగుళములు పెద్దదైన టైరు వేసిన ఇరుసు ఒకటిన్నర అంగుళము లేచును. ఎడ్లబండి లెక్కయే ఇదియును.

మఱి కమానులు పెంచుటవలన ఫలమేమి? రెండు ఫలములు కలవు. చక్రముల నడుమనున్న కడుపు మిట్టకు తగులక దాటును. పెద్దటైరు వేసినప్పుడు అది మడ్గార్డునకు రాచుకొనకుండ చోటు దొరకును. అంతే. డిఫరెన్షియలు రాతికి తగులుచున్నదని కమానులు పెంచువాడు, కాలు నొచ్చుచున్నదని తలపాగా మార్చుకొనువాని వంటివాడు.

ఐస్‌లాండు అను చలిదేశమున మంచుదిబ్బలమీద జీపులు నడపుదురు. వారు బండి యెత్తును మిక్కిలి పెంచుదురు గాని, అది 38 మొదలు 44 అంగుళముల యెత్తుగల వెడల్పాటి టైర్లు పట్టుటకు మాత్రమే. మంచులోనికి పోవునపుడు ఆ టైర్లలో గాలి చాలవఱకు తీసివేయుదురు. టైరు చదునై, ఒంటె పాదమువలె పఱచుకొని, మంచులో దిగబడకుండ నిలుచును. మన బురదలోను ఆ నీతియే చెల్లును. గాలి కొంత తగ్గించుట ఖర్చులేని పని. గట్టిబాట ఎక్కిన వెంటనే మరల నింపుకొనవలయును. లేకున్న టైరు వేడెక్కి చెడును.

ఇక నా తప్పు చెప్పెదను. కమాను కట్టయొక్క ఒక కొన చట్రమునకు చీలతో బిగింపబడి యుండును. రెండవకొన ఊగెడు రెండు ఇనుపరేకులకు వ్రేలాడును. గుంటలో పడినప్పుడు కమాను చదునై పొడవగును గనుక ఆ ఊగు రేకులు దానికి చోటిచ్చును. వానిని షాకిళ్ళందురు. వీనిని పొడుగుగా చేయించినచో బండి లేచును. రేకు ముక్కలు, నాలుగు రంధ్రములు. వెల్డింగు కొట్టులో ఒక పూటపని. ఇంతకంటె చవుకయైన ఉపాయము లేదు. కమాను మధ్యలో ఇరుసున్నందున, షాకిలు ఎంత పెరిగినదో అందులో సగమే బండి లేచును. నాకు 2 అంగుళములు కావలసియుండెను. నేను 4 అంగుళములు పొడుగైన షాకిళ్ళు వేయించితిని. చూచుటకు జీపు కోడిపుంజువలె నిలిచినది. నాకు పరమానందమైనది.

పదిదినములలోనే స్టీరింగు వదులైనట్లు తోచెను. చేయి సడలించినచో బండి తిన్నగా పోక గట్టు చూచుచుండెను. కారణమేమన, కమాను ఒక కొన మాత్రమే దిగుటచేత ముందరి ఇరుసు కొంచెము దొర్లినది. చక్రము మలుగు చీల నిలువుగా నుండదు. పైకొన ఇంచుక వెనుకకు వాలియుండును. ఆ వాలువలననే మలుపు తిరిగిన చక్రము తనంత తాను తిన్నబడును. సైకిలు ముందరి కడ్డీ వాలియుండుట మీరు చూచినదే. నా పొడుగు షాకిళ్ళు ఆ వాలును తినివేసినవి. అది నాకు అప్పుడు తెలియదు. స్టీరింగు పెట్టె పాతబడినదనుకొంటిని.

ఆ ఆషాఢమాసమున ఒక రాత్రి మా పొరుగింటి కోడలికి నొప్పులు వచ్చినవి. వాన కురియుచుండెను. రావలసిన బండి గండిపడిన బాటకు ఆవల నిలిచిపోయెనని కబురు వచ్చినది. ఆమెను, ఆమె అత్తగారిని, మంత్రసానిని నా జీపులో నెక్కించుకొని కాలువగట్టు మీదుగా బాన్సువాడ ఆసుపత్రికి బయలుదేరితిని. నడుమ ఒక గుంటలో ముందరి చక్రము ధబ్బున దిగినది. దిగిన క్షణముననే బ్రేకు తొక్కగా కాలు నేలవఱకు పోయినది. చట్రమునుండి చక్రమునకు బ్రేకు నూనె తీసికొనిపోవు రబ్బరు గొట్టము ఒకటి కలదు. నేను చట్రమును పైకి లేపితినే గాని ఆ గొట్టమును పొడిగింపలేదు. చక్రము దిగినపుడు అది బిగిసి, లాగి, కొన వద్ద తెగినది. పాతజీపులలో నాలుగు చక్రములకును బ్రేకునూనె ఒకే దారి. ఒకచోట తెగినచో నాలుగును పోయినవే.

ఎడమవైపు నిండుకాలువ. కుడివైపు రెండు నిలువుల పల్లపు మడి. చేతిబ్రేకు లాగి, చిన్న గేరులోనికి దించి, ఎట్లో ముప్పదిగజముల దూరమున నిలిపితిని. అప్పుడు మంత్రసాని అన్నమాట నాకింకను వినిపించుచుండును: "ఏమి పటేలా, బండిని గుఱ్ఱము చేసినవు, కళ్ళెము మఱచినవా?" తరువాత ఒక ట్రాక్టరు వచ్చినది. తల్లియు బిడ్డయు క్షేమమే. నేను మాత్రము ఆ తెల్లవాఱుజామున ఆసుపత్రి అరుగుమీద కూర్చుండి, ఆ షాకిళ్ళకిచ్చిన పైకమును, మిగిల్చిన గొట్టము ధరను పలుమాఱులు లెక్క పెట్టుకొంటిని.

పిదప నిజామాబాదునందలి ఒక కమానులపనివానిని ఆశ్రయించితిని. అతడు మొదట అడిగినది, "పెంచకమునుపు బండి యెత్తు కొలిచినారా?" అని. నేను కొలువలేదు. కొలుచు విధము ఇది: చదునైన నేలమీద బరువులేని బండిని నిలిపి, చక్రము నడిమి బొడ్డునుండి నిట్టనిలువుగా మడ్గార్డు అంచువఱకు కొలువవలయును. నేలనుండి కొలిచినచో టైరులోని గాలి ఎక్కువతక్కువలు లెక్కను చెఱచును. నాలుగుచోట్లను కొలిచి వ్రాసికొనవలయును. నా పాత కమానులు మరల బిగించి కొలువగా, నడపువాడు కూర్చుండు కుడివైపు ఎడమకంటె ముప్పాతిక అంగుళము క్రుంగియున్నది. క్రొత్తకమానుతో పోల్చిచూడగా నావి నాలుగును వంపు తగ్గి రమారమి రెండంగుళములు చదునైనవి. నేను పెంచుకొనగోరిన రెండంగుళములు నా బండి పుట్టుకతో కలిగియుండినవే! ఏండ్లతరబడి బరువులు మోసి అది పోగొట్టుకొన్నది. నేను దానిని తిరిగి ఇచ్చుటకు మాఱుగా, క్రింద మోకాళ్ళు అతికించితిని.

కనుక మీ యింటివాడు పైకమడిగినపుడు, ముందు కొలిచి చూపుమనుడు. పాతబండ్లలో చాలవాటికి కావలసినది పెంపు కాదు, మరమ్మతు. కమాను కట్ట విప్పి, విఱిగిన పట్టీలను, అరిగిన పట్టీలను మార్చి, త్రుప్పు గీచి, పట్టీల నడుమ గ్రీసు పూసి, కొనలయందలి బుష్షులు క్రొత్తవి వేసిన చాలును.

వంపు తగ్గిన పట్టీని మరల వంచవచ్చును. దీనిలో ఒక మోసము కలదు. మన ఊరి కమ్మరి నాగటికఱ్ఱునకు పదును పెట్టుట మీరెఱుగుదురు. ఎఱ్ఱగ కాల్చి, నీట ముంచి, మరల కొంచెము వేడిచూపి, రంగు చూచి తీయును. పదును లేనిది మెత్తన. పదును మించినది పెళుసు. కమాను పట్టీయు అట్టిదే. దానిని పొడవంతయు సమముగా కాల్చి, నూనెలో ముంచి, మరల తక్కువ వేడిమిలో నుంచి తీసినందుననే అది వంగి, తిరిగి నిలుచుచున్నది. ఊరి కొలిమిలో ఒక జానెడు మేర కాల్చి సుత్తితో వంచినచో ఆ జానెడు మెత్తబడును. ఒకనెలలో మరల చదునగును, లేదా కాలిన చోటికిని కాలనిచోటికిని నడిమి గీతయొద్ద విఱుగును. కాల్చకుండ, చల్లగానే, మఱలోపెట్టి గాని సుత్తితోగాని కొంచెము కొంచెముగా వంచువాడు నేర్పరి. పట్టీకి వెల్డింగు చేయువానిని, క్రొత్తరంధ్రము తొలుచువానిని దగ్గరకు రానీయరాదు.

మరమ్మతుతో చాలక నిజముగా పెంచవలసి వచ్చినపుడు, కట్టలో పొడుగైన పట్టీ నొకదానిని అదనముగా చేర్చుట మధ్యమమార్గము. బండి ఒకటి రెండు అంగుళములు లేచును, బరువును మోయును. కాని వట్టిబండి కుదుపు ఎక్కువగును. ఇంటిలో నడుమునొప్పివారున్నచో ఆ సంగతి ముందే తెలియుట మేలు.

కమాను ఇరుసుమీద కూర్చుండియుండు ట్రక్కులలో వెనుకవైపున రెంటినడుమ ఇనుపదిమ్మ పెట్టుదురు. దిమ్మమీద దిమ్మ ఎన్నడును పెట్టరాదు. ముందరి ఇరుసునకు దిమ్మయే కూడదు. బ్రేకు వేసినపుడు ఇరుసు మెలితిరిగి దిమ్మ జారినచో స్టీరింగు చేతిలో నుండదు. పాతజీపులలో కమాను ఇరుసు క్రిందుగా నుండును. దానిని ఇరుసుపైకి మార్చినచో ఒక్కసారిగా అయిదంగుళములవఱకు లేచును. పడుచువారికి ఇది మిక్కిలి ప్రీతి. అందులకు ఇరుసుమీద క్రొత్తపీటలు వెల్డింగు చేయవలయును. ప్రొపెల్లరు షాఫ్టు కోణము మాఱును. స్టీరింగు కడ్డీ వాలు మాఱి, గుంట వచ్చినపుడెల్ల బండి తనంత పక్కకు ఈడ్చుకొనును. అది ఇంటిపని కాదు. నా అభిప్రాయమడిగినచో, పొలమునకు పోవు బండికి అది అక్కఱయు లేదు.

ఏ విధముగ పెంచినను, చట్రమునకును ఇరుసునకును నడుమ నున్న ప్రతివస్తువును ఎత్తు ననుసరించి పొడుగు కావలయును. బ్రేకు గొట్టములు, షాక్ అబ్జార్బర్లు, ప్రొపెల్లరు షాఫ్టు జారుడుభాగము, ఇరుసు చట్రమునకు కొట్టుకొనకుండ నుండు రబ్బరు దిమ్మలు. పరీక్ష సులభము. చట్రమును గట్టి కట్టెదుంగలమీద నిలిపి, చక్రములను గాలిలో వ్రేలాడనిచ్చి, బ్రేకు గొట్టము బిగిసినదా, వదులుగా నున్నదా చూడవలయును. ఈ పరీక్ష నేను చేసియుండినచో ఆ రాత్రి అట్లుండెడిది కాదు. జాకీమాత్రము నమ్మి బండి క్రింద దూఱరాదు. వంచియున్న కమాను విప్పునప్పుడు ముఖము దానికెదురుగా నుంచరాదు.

ఎత్తువలన పుట్టు కీడు ఒకటి కలదు. అది బోల్టులతో తీఱునది కాదు. వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టుదిగునప్పుడు ఒఱగుట మీరందఱు చూచినదే. బరువు నడిమి ఎంత పైకి పోవునో బండి అంత సులభముగ పల్టీకొట్టును. లెక్క చూడుడు: రెండు చక్రముల నడిమి వెడల్పు 49 అంగుళములు, అందు సగము ఇరువదినాలుగున్నర. బరువు నడిమి నేలకు 26 అంగుళముల యెత్తున నున్నదనుకొందము. అట్టి బండి పక్కకు 43 డిగ్రీలవఱకు వాలినను పడదు. అదే నడిమిని నాలుగంగుళములు పైకి లేపినచో 39 డిగ్రీలకే పడును. ఇది కదలని బండి లెక్క. మలుపులో వేగముగా పోవు బండికి, పైన నలుగురు నిలుచున్న బండికి అంతవఱకును అక్కఱలేదు. పెద్దటైర్లు వేసినచో ఇంకొక మాయ: వేగము చూపు ముల్లు తక్కువ చూపును. 28కి బదులు 31 అంగుళముల టైరు వేసిన బండి, ముల్లు 40 చూపునప్పుడు నిజముగా 44 మైళ్ళ వేగమున పోవుచుండును.

చట్టమును చెప్పవలసి యున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించి రిజిష్టరు పత్రమున కెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019లో చేసిన సవరణవలన, అనుమతిలేని మార్పునకు బండి యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, ఆఱునెలలవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. యజమాని అనగా పత్రముమీద ఎవరి పేరుండునో వారు. మన ఇండ్లలో పత్రము తండ్రిపేర నుండును, మార్పు కొడుకు చేయును. ప్రమాదము జరిగినపుడు బీమావారును ఆ మార్పును పట్టుకొందురు. కనుక పెంచదలచినవారు ముందుగా రవాణాశాఖ కార్యాలయమున వ్రాతమూలముగా విచారించుకొనవలయును. బండిని దాని పుట్టుక యెత్తునకు తెచ్చుకొనుటకు ఈ బెడద లేదు.

నేను చివరకు చేసినది అదియే. పొడుగు షాకిళ్ళు పీకివేసి పాతకొలతవి వేయించితిని. కట్టకు రెండేసి చొప్పున పట్టీలు మార్చి, మిగిలినవి చల్లగా వంపించి, బుష్షులు, బ్రేకు గొట్టములు, కట్టను ఇరుసునకు బిగించు యూ బోల్టులు అన్నియు క్రొత్తవి వేయించితిని. యూ బోల్టు ఒకసారి బిగిసిన పిమ్మట సాగును గనుక పాతది మరల వాడరాదు. పనికూలితో కూడ 12,000 రూపాయల చిల్లర యైనది. టైర్లు మాత్రము అదే కొలతలో బురదకు పనికివచ్చు లోతైన గాళ్ళవి వేసికొంటిని. వానికి వేఱుగా పెట్టితిని. బండి కుడివైపున రెండున్నర, ఎడమవైపున ఒకటిముప్పాతిక అంగుళములు లేచినది, రెండుపక్కలు సమమైనవి. ఇప్పటికిని కొన్ని చాళ్ళలో కడుపు తగులును. అట్టిచోట ఒక చక్రము చాలులోను, ఒక చక్రము మిట్టమీదను ఉంచి నడపుదును. లేదా దిగి పార తీసికొందును.

పనివాడు పంపునప్పుడు ఒక మాట చెప్పెను. నూఱు కిలోమీటరులు నడచిన తరువాత పట్టీలు సర్దుకొనును, యూ బోల్టులు వదులగును, తప్పక మరల బిగింపుమని. బాన్సువాడకు రెండుమాఱులు పోయివచ్చిన పిదప బండిక్రింద పాతగోనె పఱచి, పానా వేసి చూచితిని. ఎనిమిదింటిలో అయిదు బోల్టులు ఒక్కొక్కటి అరచుట్టు తిరిగినవి.